ఆరని బట్టలు

మా ఇంట్లో నన్ను అందరూ ‘చిన్నది’ అంటారు. అలాగని నాకు అక్కలూ అన్నలూ ఉన్నారనుకునేరు, ఎవరూ లేరు. మరి పెద్దది ఎవరంటే, కింద మా లాండ్రీ వెనకగదిలో సిమెంటు దిమ్మె మీద బోల్టులు బిగించుకుని కూర్చున్న బట్టలుతికే మిషను. నేను పుట్టకముందే నాన్న దాన్ని మూతపడ్డ ఒక హాస్టలు నుంచి కొనుక్కొచ్చాడు. ముందొచ్చింది కాబట్టి అది పెద్దది, వెనకొచ్చాను కాబట్టి నేను చిన్నది. బళ్లో చేరిన కొత్తలో టీచరు, మీ ఇంట్లో పిల్లలెంతమంది అని అడిగితే ఇద్దరమని చెప్పాను. అక్క ఏం చేస్తుందంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా బట్టలుతుకుతుందన్నాను. పాపం ఆవిడ చాలా రోజులు నన్ను జాలిగా చూసింది.

పెద్దదానికి ఒక జబ్బుంది. తడి దుప్పట్లు పిండేటప్పుడు లోపల బరువంతా ఒక పక్కకి చేరిందంటే చాలు, ధబ్, ధబ్, ధబ్‌ధబ్ అని గోడలదిరేలా కొట్టుకుంటుంది. వెంటనే ఆపి, తలుపు తీసి, దుప్పట్లు విడదీసి సర్దాలి. లేకపోతే బోల్టులు ఊడదీసుకుని వీధిలోకి నడిచొచ్చినా వస్తుంది. అందుకని ఆ చప్పుడు వినపడితే ఎవరు ఏ పనిలో ఉన్నా వదిలేసి పరిగెత్తడం మా ఇంటిల్లిపాదికీ ఒంటబట్టిపోయింది. భోజనం చేస్తున్నా సరే, పోట్లాడుకుంటున్నా సరే. మా ఆయన పెళ్లికి ముందు మొదటిసారి మా ఇంటికొచ్చి, చెమటలు కక్కుతూ, "మీ అమ్మాయిని నేను..." అని మొదలుపెట్టాడో లేదో కింద ధబ్‌మంది. నాన్న, అమ్మ, నేను ముగ్గురం లేచి మెట్ల మీద పడ్డాం. తిరిగొచ్చేసరికి అతను టీ కప్పు పట్టుకుని బొమ్మలా నిలబడి ఉన్నాడు. తన మాటకి ఇల్లు ఖాళీ అయిపోతుందని పాపం అనుకోలేదు.

ఇక నా పిచ్చి గురించి చెప్పాలి. నా పిచ్చి పేరు ‘ఇనుప పిచ్చుకలు’. అదొక రాక్ బ్యాండు. మా ఊళ్లో మొదలైన కుర్రాళ్లే. ఇప్పుడు కుర్రాళ్లు కాదులెండి, గడ్డాలు నెరిశాయి, ఊళ్లూ దేశాలూ తిరుగుతున్నారు. వాళ్ల ఏ పాటలో ఎక్కడ గొంతు చీరుకుపోతుందో, ఎక్కడ గిటారు తీగ తెగిందో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. వాళ్లకొక ఆనవాయితీ ఉంది. ఎంత గోలగా, ఎంత చెలరేగిపోయి వాయించినా, ప్రతి కచేరీ చివర్లో ఒక పాట మాత్రం మరీ మెల్లగా వాయిస్తారు. అంత పెద్ద మైదానమూ ఊపిరి బిగబట్టి చెవులు రిక్కించాలి. ఎందుకలా అని ఎవరడిగినా నవ్వేసి ఊరుకుంటారు. నేను ఆ పాట దగ్గర ఏడవని కచేరీ లేదు. ఎందుకేడుస్తానో నాకూ తెలియదు.

నాన్నకి వాళ్లంటే అస్సలు పడదు. నేను పాట పెట్టగానే పైనుంచి ఒకే మాట వినపడేది, "తగ్గించు!" నా చిన్నప్పుడు నాకు ‘అమ్మ’ తరువాత వచ్చిన మాట అదేనేమో. "గిటారు పట్టుకున్నవాడి మాట నమ్మకూడదు" అని ఆయనకొక సిద్ధాంతం కూడా ఉంది. గిటారు వాయించేవాళ్లు నీకేం అన్యాయం చేశారు నాన్నా అంటే చెప్పేవాడు కాదు. ఇస్త్రీ బల్ల పైన గోడకి నేను అంటించిన వాళ్ల పోస్టరు వంక ఇన్నేళ్లలో ఆయన తిన్నగా చూసింది లేదు. చూసినా గుర్తుపట్టేట్టు లేదనుకోండి. ఇస్త్రీ ఆవిరికి పాపం వాళ్ల మొహాలు ఉబ్బిపోయాయి.

వాళ్ల మొదటి ఆల్బం ‘పెద్ద గొంతు’ అని లోకమంతా అనుకుంటుంది. కానీ అంతకన్నా ముందు ఒక క్యాసెట్టు ఉందని మా అభిమానుల్లో ఒక పుకారు. కొన్నే చేసి, కచేరీల దగ్గర చేతుల మీదే ఇచ్చేశారట. పేరు ‘ఆరని బట్టలు’. విన్నామన్నవాళ్లు ఒక్కరూ లేరు, విన్నవాళ్లు నాకు తెలుసన్నవాళ్లు మాత్రం కోకొల్లలు. ఆ పేరుకి అర్థమేమిటని ఫోన్లో మా అభిమానుల గ్రూపులో పెద్ద పెద్ద చర్చలు జరిగాయి. ఆరని బట్టలంటే తీరని దుఃఖమని, ఎండ కోసం ఎదురుచూసే మనిషి గుండె అని నేనే పేజీలకు పేజీలు రాసిపడేశాను. చదివి కళ్లు తుడుచుకున్నామని చాలామంది రాశారు. నేనూ రెండు రోజులు గాల్లో తేలాను.

అసలు గొడవకొస్తాను. పెద్దదానికి వయసైపోయింది. బేరింగులు అరిగిపోయాయి, కొత్తవి దొరకవు. అది సర్దుకోవచ్చు గానీ, లోపలి డ్రమ్ముకి తుప్పు పట్టి తెల్లబట్టల మీద గోధుమరంగు చుక్కలు దించడం మొదలుపెట్టింది. మా దగ్గర కోట్లు వేసే డాక్టరమ్మ వచ్చి, "రోగులు నన్ను చూసి దూరంగా జరుగుతున్నారమ్మాయ్, నాకే ఏదో అంటుకుందనుకుంటున్నారు" అంది. లాండ్రీ ఇప్పుడు నేనే చూసుకుంటున్నాను. కాబట్టి నిర్ణయమూ నేనే తీసుకోవాల్సొచ్చింది. కొత్త మిషను కొంటున్నామని, పాతదాన్ని ఇనుప సామాన్ల అతనికి ఇచ్చేస్తున్నామని నాన్నకి చెప్పాను.

ఆయన అరిచి ఉంటే బాగుండేది. ఒక్క మాట కూడా అనలేదు. ఆ రోజు నుంచి కిందికి దిగడం మానేశాడు, నాతో మాట్లాడటం మానేశాడు. నేను ఎదురుగా కూర్చునే ఉంటాను, "నీ కూతురికి చెప్పు, ఆ మంచినీళ్లు ఇటు జరపమని" అని అమ్మకు చెబుతాడు. "మీ నాన్నకి చెప్పు, జరిపానని" అని నేనూ అంటాను. "నన్ను టెలిఫోను తీగ చేసేశారు మీరిద్దరూ. ఏదో ఒకరోజు తెగిపోతాను" అంటుంది అమ్మ. పైకి పౌరుషంగా తిరిగాను గానీ నాకు లోపల ఒకటే బెంగ. ఆయన దగ్గు వినిపించని లాండ్రీలో చెయ్యి ఆడేది కాదు. మిషను ఇవాళ కాకపోతే రేపు పోతుంది. అది పోయాక కూడా నాన్న నాతో ఇలాగే ఉండిపోతే నేనేం చెయ్యాలి?

ఇనుప సామాన్ల అతను మధ్యాహ్నం వస్తానన్న రోజు రానే వచ్చింది. నీళ్ల గొట్టం విప్పేశాం, కరెంటు తీగ పీకేశాం. పిండాల్సిన దుప్పట్లు తొట్టిలో నానుతున్నాయి, అవి చేత్తోనే పిండుకోవాలని మా ఆయన ముందునుంచే నడుం పట్టుకుని తిరుగుతున్నాడు. అప్పుడొచ్చింది పొడుగావిడ. మా పాత ఖాతాదారే. తమ్ముడు ఇల్లు మారుతున్నాడట, అతని పాత కోట్లన్నీ మూటగట్టి తెచ్చింది.

మా దగ్గర జేబులు చూడకుండా ఏ బట్టా నీళ్లలో పడదు. అది అమ్మ శాఖ. దొరికినవన్నీ అరిచి చెబుతూ బల్ల మీద పెడుతుంది, ఖాతాదారు ఎదురుగా ఉంటే ఆవిడ మరీ రెచ్చిపోతుంది.

"దువ్వెన! పళ్లు లేవు. బొత్తాం! ఈ కోటుది కాదు. క్యాసెట్టు!"

"పక్కన పెట్టమ్మా" అన్నాను బిల్లు రాస్తూ.

అమ్మ కళ్లజోడు పైకి తోసి పైనున్నది కూడబలుక్కుంది. "‘ఆరని బట్టలు’ట. ఏంటే ఇది, మన మీద ఎవరన్నా క్యాసెట్టు చేశారా?"

బల్ల కింద నుంచి వెళ్లానో పైనుంచి దూకానో నాకు గుర్తులేదు. క్యాసెట్టు నా చేతిలో ఉంది. పేరు చేత్తో రాసింది. కింద చిన్న బొమ్మ, తీగ మీద కూర్చున్న పిచ్చుక. ఆ పిచ్చుక నాకు తెలుసు. ఆ తోక వంపు ఇప్పటికీ వాళ్ల ప్రతి ఆల్బం మీదా ఉంటుంది. నేను అరిచిన అరుపుకి మా ఆయన తొట్టి దగ్గర నుంచి తడిచేతులతో పరిగెత్తుకొచ్చాడు, ఇస్త్రీపెట్టె మీద పడ్డాననుకుని.

"అదా?" అంది పొడుగావిడ తాపీగా. "అప్పట్లో మా తమ్ముడు వ్యాను నడిపేవాడులే. ఎవరో గిటారు పిల్లల్ని సామాన్లతో సహా తిప్పేవాడు. వాళ్లిచ్చినట్టుంది. వాడు చెవుల్లో దూది పెట్టుకుని నడిపేవాడమ్మాయ్, విన్నాడనుకోను."

అక్కడికక్కడే తమ్ముడికి ఫోను చేయించాను. "తీసుకోమను, నా దగ్గర పెట్టుకుని వినే డబ్బా ఎక్కడేడిసింది" అన్నాడట. నేను పొడుగావిడని కావలించుకున్నాను. నా తల ఆవిడ మోచేతి దగ్గరికొచ్చింది. "కోట్లన్నీ ఊరికే ఉతికిపెడతానండీ" అనబోతుంటే అమ్మ వెనకనుంచి గిల్లింది.

ఇప్పుడు వచ్చింది చిక్కు. మాకూ వినే డబ్బా ఒక్కటే ఉంది. నాన్న గదిలో, నాన్న మంచం పక్కన, ఆయన పొద్దున వార్తలు వినే పాత టేప్ రికార్డరు. నేను గుమ్మం దగ్గర నిలబడిపోయాను. అమ్మ నన్ను తోసుకుని లోపలికి వెళ్లింది.

"ఏంటది?" అన్నాడు నాన్న.

"క్యాసెట్టు. మీ కూతురి పిచ్చుకలది."

"నీ కూతురికి చెప్పు, ఆ గోల పెడితే నా డబ్బా పాడైపోతుందని."

"మీ డబ్బా, నా క్యాసెట్టు. జేబుల్లో దొరికినవి నా శాఖ" అని అమ్మ మూత తెరిచి, క్యాసెట్టు పెట్టి, మీట నొక్కేసింది. నాన్న కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. లేచి మాత్రం వెళ్లలేదు. నేను నెమ్మదిగా వచ్చి తలుపు పక్కన నేల మీద కూలబడ్డాను.

ముందు బుస్సుమని చప్పుడు. ఎవరో దగ్గారు. గిటారు ఒకటి, శ్రుతి సరిగా కుదరకుండానే మొదలైంది. తరువాత గొంతు. అదే గొంతు! కానీ ఎంత లేతగా ఉందో, మీసాలు కూడా సరిగా రానివాడి గొంతు. ఇప్పుడు చీరుకుపోయే చోటే అప్పుడూ చీరుకుపోయింది. నాకు చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. లోకంలో ఎవరూ వినని పాట, నేను వింటున్నాను, మా ఇంట్లో, మా నాన్న డబ్బాలో. సంతోషం పట్టలేక కొంగు నోట్లో కుక్కుకున్నాను. పాట ఊపందుకుంది, రెండో గిటారు కలిసింది, ఇంక డ్రమ్స్ రావాలి...

ధబ్. ధబ్. ధబ్‌ధబ్.

నాన్న మంచం మీంచి లేవడం నేను చూడనే లేదు. నేను గుమ్మం దాటేసరికే ఆయన మెట్ల సగంలో ఉన్నాడు, చెప్పులు కూడా లేకుండా. వెనక నేను, నా వెనక అమ్మ.

"దుప్పట్లు వేసిందెవరే?"

"నేను వెయ్యలేదు నాన్నా!"

"సర్ది వెయ్యమని ఎన్నిసార్లు చెప్పాను నీకు!"

"నేను వెయ్యలేదంటే!"

ముగ్గురం వెనకగదిలోకి దూసుకెళ్లి మిషను ముందు ఆగాం. పెద్దది కదలకుండా మెదలకుండా కూర్చుని ఉంది. తలుపు బార్లా తెరిచుంది, లోపల ఎండిపోయి ఉంది. కరెంటు తీగ చుట్టచుట్టి దాని నెత్తి మీదే పెట్టి ఉంది. మా ఆయన తొట్టి పక్కన నిలబడి మా ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు.

"ఏమైంది? పైన ఎవరన్నా పడ్డారా?"

ధబ్, ధబ్, ధబ్‌ధబ్ అని చప్పుడు ఇంకా వస్తూనే ఉంది. పైనుంచి వస్తోంది.

ముందు అమ్మ నవ్వింది. నవ్వి నవ్వి తొట్టి అంచు పట్టుకుని కూర్చుండిపోయింది. తరువాత నాకు తెలిసొచ్చింది. తెలిసొచ్చి నోరు తెరుచుకుని నాన్న వంక చూశాను. ఆయన నా వంక చూడటం లేదు. చెయ్యి మిషను తలుపు మీద పెట్టి, తల పైకెత్తి, వింటున్నాడు.

"ఇది దుప్పట్లు కాదు. కంబళ్లు" అన్నాడు మెల్లగా. "నేనే వేశాను."

మా ఆయన పరుగున వెళ్లి టేప్ రికార్డరు కిందికి తెచ్చాడు. నాన్న బోర్లించిన బకెట్టు మీద కూర్చున్నాడు. మేం చుట్టూ చేరాం. ఆయన చెప్పడం మొదలుపెట్టాడు, ఎవరితో చెబుతున్నాడో మరిచిపోయి నాతోనే చెప్పాడు.

"ఒకరోజు వానలో నలుగురు కుర్రాళ్లు తడిసి ముద్దయి లోపలికొచ్చారే. బట్టలు ఆరబెట్టుకుంటామన్నారు. ఒళ్లంతా గిటార్లే. ఎక్కడ వాయించుకున్నా గోలని తరిమేస్తున్నారట. ఇక్కడెలాగూ గోలే కదా, ఎవడొచ్చి తరుముతాడు? సెలవురోజు వచ్చి వాయించుకోండర్రా అన్నాను. తడికోళ్లు అని పిలిచేవాణ్ణి. పేర్లెవడికి తెలుసు?"

"మీరు కోళ్లంటే వాళ్లు పిచ్చుకలయ్యారు" అంది అమ్మ.

"డ్రమ్స్ వాయించేవాడు మధ్యలో ఎటో వెళ్లిపోయాడు. ఓ రోజు ఇది కొట్టుకోవడం మొదలెట్టింది. నేను ఆపబోతే ఆ బక్కవాడు నా చెయ్యి పట్టుకున్నాడు. ఆపకండి బాబాయ్, ఇదే కావాలి మాకు అన్నాడు. బేరింగులు పోతాయిరా అన్నాను. కాళ్లావేళ్లా పడ్డాడు. నాకూ బాగానే ఉందనుకో, ఆ దెబ్బ మీద పాట. సరేలెమ్మని తడి కంబళ్లన్నీ ఒకే పక్కకి కుక్కాను. నా చేత్తో నేనే." ఆయన మిషను తలుపు నిమిరాడు. "దీనికి మొదటి గాయం అప్పుడే తగిలింది. పాటల కోసం దీన్ని పాడుచేసింది నేను, తుప్పు సామాన్లలో పడేది మాత్రం ఇది. ఇంక నీతో ఏం మాట్లాడనే?"

"మరి వాళ్లంటే అంత కోపమెందుకు?"

"క్యాసెట్టు తెచ్చిస్తామన్నారు. మొదటిది నీకే బాబాయ్ అన్నారు. మళ్లీ కనపడితేగా! ఆ తరువాత ఎక్కడ గిటారు మోగినా ఒళ్లు మండేది."

"వాళ్లేమయ్యారో మనకి తెలియదు" అంది అమ్మ, నా నెత్తి మీద మొట్టుతూ. "ఇదప్పుడు నెలల పిల్ల. మిషను తిరుగుతున్నంతసేపూ ఉయ్యాల్లో హాయిగా పడుకునేది. అది ఆగిందా, చీమ చిటుక్కుమన్నా లేచి కూర్చునేది."

నేను లేచి, నాన్నని చెయ్యి పట్టుకుని ఇస్త్రీ బల్ల దగ్గరికి తీసుకెళ్లి, ఆవిరికి ఉబ్బిన పోస్టరు చూపించాను. ఆయన దగ్గరికి వెళ్లి, కళ్లు చిట్లించి, చాలాసేపు చూశాడు.

"ఈ గడ్డాలవాళ్లా నా కోళ్లు?" అన్నాడు. "ఒసేయ్, ఇదుగో, ఈ బక్కవాడే! ఇప్పటికీ తిండి తిన్నట్టు లేడు!" ఆయన నవ్వాడు. ఆ నవ్వు వినేసరికి నాకు గుండెల మీంచి ఇస్త్రీపెట్టె దించినట్టయింది.

సరిగ్గా అప్పుడే ఇనుప సామాన్ల అతను మనుషుల్ని వెంటబెట్టుకుని గుమ్మంలోకొచ్చాడు. "ఏదమ్మా ఆ మిషను?"

నేను చేతులు చాపి పెద్దదానికి అడ్డంగా నిలబడ్డాను. "ఇవ్వం. ఇది ఆల్బంలో వాయించింది. దీన్ని ముట్టుకుంటే ఊరుకోను."

"నువ్వే కదమ్మా రమ్మన్నావు?"

"ఇప్పుడు నేనే వద్దంటున్నాను!"

"తీసుకెళ్లనివ్వవే" అన్నాడు నాన్న.

నేను చెవులు సరిగా పనిచేస్తున్నాయా అని చూసుకున్నాను. ఇన్నాళ్లూ ఆ మిషను కోసం నాతో మాటలు మానేసిన మనిషి ఈయనేనా?

"దాని పాట దొరికింది కదా, ఇంక తుప్పు పట్టిన ఒళ్లెందుకు? తెల్లకోటు మీద మచ్చ పడితే పోయేది మన పరువు. నువ్వన్నదే సబబు. నువ్వు అన్న రోజే నాకు తెలుసు" అన్నాడు. ఆగి, ఇనుప సామాన్ల అతని వైపు తిరిగాడు. "కాసేపు కూర్చో నాయనా. దీనికింకో పని మిగిలింది."

తరువాత జరిగినదాన్ని ఆ రోజు మా వీధిలో ఉన్నవాళ్లందరూ ఇప్పటికీ చెప్పుకుంటారు. మా ఆయన కరెంటు తీగ మళ్లీ తగిలించాడు. నాన్న తొట్టిలోని తడి దుప్పట్లు తీసి, జీవితమంతా అందరికీ సర్ది వెయ్యమని చెప్పిన ఆ చేతులతోనే, అన్నీ ఒకే పక్కకి కుక్కాడు. నేను క్యాసెట్టు మొదటికి తిప్పాను. గిటారు మొదలైంది, లేతగొంతు అందుకుంది, నాన్న మీట నొక్కాడు.

పెద్దది మూలిగి, తిరిగి, ఒళ్లు విరుచుకుని కొట్టుకోవడం మొదలుపెట్టింది. ధబ్. ధబ్. ధబ్‌ధబ్. ముందు పాట ఒక దారి, అది ఒక దారి. "వయసొచ్చింది, కాస్త నెమ్మదించింది, ఆగండి" అన్నాడు నాన్న. వేగం పెంచాడు. ఎక్కడో పాట మధ్యలో రెండు దెబ్బలూ కలిసిపోయాయి, ఏది క్యాసెట్టో ఏది మిషనో తెలియకుండా. అద్దాలు గలగలమన్నాయి, పోస్టరు ఒక మూల ఊడింది. అమ్మ దువ్వెనతో ఇస్త్రీ బల్ల మీద దరువేసింది. మా ఆయన ఖాళీ బకెట్టు అందుకున్నాడు. పొడుగావిడ ఇంకా వెళ్లలేదని అప్పుడే చూశాను, కోట్ల మూట మీద కూర్చుని తల ఊపుతోంది. ఇనుప సామాన్ల అతను కాలు ఆడిస్తూ, "అమ్మా, బండెక్కించాక ఇది దారిలో దిగి వెనక్కి రాదు కదా?" అని అరిచాడు. నేను గెంతాను. ఏడుస్తూ, నవ్వుతూ, మా లాండ్రీలో, మా నాన్న ఎదురుగా, నా బ్యాండు పాటకి గెంతాను. ఆయన ‘తగ్గించు’ అనలేదు.

పాట అయిపోయింది. నాన్న మీట తీశాడు. పెద్దది మెల్లగా, మెల్లగా తిరిగి ఆగింది. ఆయన దుప్పట్లు తీసి, తలుపు మూసి, రెండుసార్లు తట్టాడు. "పద" అన్నాడు.

దాన్ని తీసుకెళ్లాక గది ఇంత పెద్దదా అనిపించింది. దిమ్మె మీద నాలుగు బోల్టుల కన్నాలు మిగిలాయి.

"రేపు కొత్తదొస్తే దాన్నేమని పిలవాలండీ?" అంది అమ్మ.

"చిన్నది" అన్నాడు నాన్న.

"మరి నేనో?"

"నువ్వు పెద్దదానివి. ముందొచ్చావు కదా."

నేను బకెట్టూ చీపురూ తీసుకుని నేల కడగడం మొదలుపెట్టాను. చేతులు తుడుచుకుని మా ఆయనే క్యాసెట్టు రెండోవైపు తిప్పి పెట్టాడు. పాటలు ఒకదాని తరువాత ఒకటి వచ్చాయి, పెద్దది వాటి వెనక కొట్టుకుంటూనే ఉంది. నాన్న బకెట్టు మీద కూర్చుని, ఇవి దుప్పట్లు, ఇవి తువ్వాళ్లు అని గుర్తుపట్టి చెబుతున్నాడు. చివరి పాట దాకా వచ్చేసరికి మిషను ఆగిపోయిన చప్పుడు క్యాసెట్టులోనే వినిపించింది. గిటారు ఒకటి పెద్దగా మోగి, మధ్యలో తెగిపోయింది. తరువాత ఒక మగగొంతు, పాడేవాడిది కాదు. కుర్రగొంతు, విసుగ్గా ఉంది, కానీ గుసగుసగా ఉంది.

"ఒరేయ్ కోళ్లూ! మిషను ఆగింది. చిన్నది పడుకుంది. మెల్లగా వాయించండ్రా."

ఎవరో కిసుక్కున నవ్వారు. తరువాత వేళ్ల కొసలతో తాకినట్టు గిటారు మొదలైంది. ఆ పాట నాకు తెలుసు. ప్రతి కచేరీ చివర మైదానమంతా ఊపిరి బిగబట్టి వినే పాట. నేను ఏడవకుండా ఒక్కసారీ వినలేకపోయిన పాట. తీసెయ్యాలంటే వాళ్లు ఆ మాటలు తీసెయ్యగలిగేవాళ్లు. తీసెయ్యలేదు. ఇన్నేళ్లుగా ఎక్కడికెళ్లినా, ఎంతమంది ముందు నిలబడినా, ఒక పాట మాత్రం మా ఇంట్లో పడుకున్న పిల్లని లేపకుండా వాయిస్తూనే ఉన్నారు.

చీపురు నా చేతిలోంచి జారిపోయింది. అమ్మ నా తల తన భుజానికి ఆనించుకుంది. నాన్న టేప్ రికార్డరు వైపు వంగి, తన కుర్రగొంతు వచ్చిన చోటుకేసి కాసేపు చూశాడు. తరువాత చెయ్యి చాచి శబ్దం పూర్తిగా పెంచేశాడు.

"ఫర్లేదర్రా" అన్నాడు దానితో. "అది లేచిందిలే. గట్టిగానే వాయించండి."